పెడల్ మీద తగ్గింపు, కార్డు మీద బాకీ

ప్రశ్న: ఏడాదిగా బేస్ గిటార్ నేర్చుకుంటున్నాను. రోజూ ఒంటరిగా మెట్రోనోమ్ టక్‌టక్‌తో సాధన చేయాలంటే విసుగొస్తోంది. మనం కోర్డ్స్ (కలిపి మోగించే స్వరాల గుంపులు) వాయిస్తే వాటికి తగ్గట్టు డ్రమ్స్, బేస్ తనే వాయించే పెడల్ (కాలితో నొక్కే చిన్న పెట్టె) ఒకటి 30 శాతం తగ్గింపుతో కనిపించింది. ఆఫర్ ఆదివారంతో అయిపోతుందట. ఫోన్ కొన్నప్పటి బాకీ క్రెడిట్ కార్డు మీద ఇంకా ఉంది, నెలకు 3 శాతం వడ్డీ పడుతోంది. అత్యవసర నిధి రెండు నెలల ఖర్చులకు సరిపడా ఉంది. పెడల్ కూడా కార్డు మీదే తీసుకుని నెమ్మదిగా కట్టుకుందామని ఆలోచన. మా ఆవిడ మాత్రం 'ఇంకో బొమ్మా?' అంటోంది. కొనమంటారా?

జవాబు: సాధనకు తోడుగా ఏదో ఒకటి కొనుక్కోవడానికి నాకు అభ్యంతరం లేదు. ఆదివారంలోగా, ఆ కార్డు మీద మాత్రం వద్దు. పైగా ఆ పెడలే మీకు సరిపడదేమోనని నా అనుమానం. మామూలుగా నేను డబ్బు లెక్కతో మొదలుపెడతాను గానీ, ఈసారి వస్తువుతో మొదలుపెడతాను. పనికిరాని వస్తువు మీద 30 శాతం తగ్గినా, మిగతా 70 శాతం వృథాయే కదా.

మీరు మోడల్ పేరు రాయలేదు. మీ వర్ణన చూస్తే డిజిటెక్ ట్రియో కోవలోదిలా ఉంది. 2015లో వచ్చిన ట్రియో, ఆ మరుసటి ఏడాది వచ్చిన ట్రియో ప్లస్ ఈ రకంలో బాగా పేరున్నవి. స్విచ్‌ను కాలితో నొక్కి, లయ తప్పకుండా కోర్డ్స్ వరస ఒకసారి వాయిస్తారు. మళ్లీ నొక్కగానే ఆ వరసకు సరిపోయే డ్రమ్స్, బేస్ అందుకుంటాయి. బ్లూస్, రాక్, జాజ్ లాంటి శైలుల్లో ఏది కావాలంటే అది పెట్టుకోవచ్చు, వేగం పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు. ఒంటరిగా కూర్చున్న గిటారిస్టుకు అప్పటికప్పుడు ఇద్దరు తోడు దొరుకుతారు.

ఆ ఇద్దరిలో ఒకరు బేసిస్టు. మీరు వాయించాల్సిన భాగాన్ని తనే వాయించేసే యంత్రానికి మీరు డబ్బు కట్టబోతున్నారన్న మాట! ట్రియోలో డ్రమ్స్‌కు, బేస్‌కు వేర్వేరు వాల్యూమ్ నాబ్‌లున్నాయి కాబట్టి బేస్‌ను సున్నాకి తిప్పేయొచ్చు. అప్పుడు మీకు మిగిలేది డ్రమ్స్ ఒక్కటే. డ్రమ్స్ మాత్రమే కావాలంటే ఇంత ఖర్చు అక్కర్లేదు.

ఇంకో చిక్కు కూడా ఉంది. ఇలాంటి పెడల్‌ను తయారుచేసింది గిటార్ కోర్డ్స్ వినడానికి. కోర్డ్ మేజరా మైనరా అన్నది మూడో స్వరం తేలుస్తుంది. సి (C) స్వరం నుంచి నాలుగు సెమిటోన్లు, అంటే నాలుగు అతిచిన్న మెట్లు, పైకెళ్తే ఈ (E) స్వరం, అది మేజర్. మూడే వెళ్తే ఈ ఫ్లాట్ (E♭), అది మైనర్. బేస్ మీద మనం చాలాసేపు మూల స్వరం, ఐదో స్వరం చుట్టూనే తిరుగుతాం. మూల స్వరం సి, ఐదో స్వరం జి (G) మాత్రమే వినిపిస్తే అది మేజరో మైనరో చెప్పడం మనిషికే సాధ్యం కాదు, పెడల్ మాత్రం ఏం చేస్తుంది? దానికి తోడు బేస్ స్వరాలు గిటార్ కన్నా ఒక ఆక్టేవ్ (ఒక స్థాయి) కింద ఉంటాయి. గిటార్ అడుగు తీగ సుమారు 82 హెర్ట్జ్ అయితే నాలుగు తీగల బేస్‌లో అడుగు తీగ 41. నెక్ మీద పైకెళ్లి రెండు మూడు తీగలతో కోర్డ్స్ పట్టి పెడల్‌ను ఒప్పించే ప్రయత్నం చేయొచ్చు. ఏడాది అనుభవంతో ఆ తంటాలు పడుతూ కూర్చుంటే సాధన సమయం పెడల్‌కు పాఠాలు చెప్పడానికే సరిపోతుంది.

ఇంట్లో ఓ మామూలు గిటార్ ఉండి, నాలుగు కోర్డ్స్ పట్టడం వస్తే మాత్రం కథ వేరు. గిటార్‌తో వరస నేర్పించి, పెడల్‌లో బేస్‌ను తగ్గించేసి, మీ బేస్ తగిలించుకుని వాయించుకోవచ్చు. అది ఏ లైన్ వేస్తోందో ముందు విని, తర్వాత దాన్ని ఆపేసి మీ సొంత లైన్ వేసుకోవడం మంచి పాఠమే. మీ ప్రశ్నలో గిటార్ మాట లేదు కాబట్టి లేదనుకునే మాట్లాడుతున్నాను.

ఇక డబ్బు. పెడల్ అసలు ధర 100 అనుకుందాం. తగ్గింపు పోను మీకు 70కి వస్తుంది. దాన్ని నెలకు 3 శాతం వడ్డీ పడే కార్డు మీద పెట్టి, నెలకు 5 చొప్పున కట్టారనుకోండి. మొదటి నెల వడ్డీయే 2.10. మీరు కట్టిన 5లో అసలుకు జమయ్యేది 2.90 మాత్రమే. ఇలా సాగితే బాకీ తీరడం పంతొమ్మిదో నెలలో. అప్పటికి మొత్తం కట్టింది సుమారు 92. 30 ఆదా అనుకున్నచోట మీ చేతికి మిగిలింది 8. నెలకు 5 కూడా బరువనిపించి 3 చొప్పున కడితే 41 నెలలు పడుతుంది, కట్టే మొత్తం 122 దాటుతుంది. అంటే తగ్గింపు లేకుండా నగదుతో కొన్నవాడి కన్నా మీరే ఎక్కువ పెట్టినట్టు. ఏ పెడల్‌కైనా, ఏ ధరకైనా ఇదే నిష్పత్తి. మీ అంకెలు వేసి చూసుకోండి.

చాలామంది పట్టించుకోని సంగతి ఇంకోటుంది. కార్డు మీద పాత బాకీ ఉన్నప్పుడు, కొత్త కొనుగోళ్లకు మామూలుగా దొరికే వడ్డీ లేని గడువు చాలా కార్డుల్లో ఉండదు. కొన్న రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది. 'బిల్లు వచ్చేదాకా ఫ్రీయే కదా' అనుకుంటే పొరపాటు. మీ కార్డు నిబంధనల్లో ఈ ముక్క ఒక్కటి వెతికి చదవండి. వడ్డీ లేని వాయిదాలంటూ అమ్మేవాళ్లు ఊరిస్తే, ప్రాసెసింగ్ ఫీజు ఎంతో, నగదుకిచ్చే తగ్గింపు వాయిదాలకూ ఇస్తున్నారో లేదో అడగండి. కొన్నిచోట్ల తగ్గింపు వదులుకోవడమే ఆ వడ్డీ.

నెలకు 3 శాతం చిన్నగా కనిపిస్తుంది. చక్రవడ్డీ వేస్తే ఏడాదికి 42.6 శాతం. అంత రాబడి ఖాయంగా ఇచ్చే పెట్టుబడి నాకు తెలిసి లేదు, ఎవరైనా ఇస్తానంటే దూరంగా ఉండమనే చెబుతాను. కాబట్టి పెడల్ కోసం నెలనెలా తీయగలననుకున్న ఆ మొత్తాన్ని ముందు ఫోన్ బాకీకి అదనంగా కట్టేయండి. మీ దగ్గరున్న డబ్బుతో ఇప్పుడు చేయగలిగిన అతి లాభసాటి పని అదే.

అత్యవసర నిధి గురించి మీరు కొంచెం బెరుకుగా రాసినట్టనిపించింది. మూడు నుంచి ఆరు నెలల ఖర్చులకు సరిపడా ఉండాలన్నది మామూలు లెక్క, మీ దగ్గర రెండు నెలలకు ఉంది. అది నిండేదాకా సరదా ఖర్చు పైసా పెట్టొద్దనే సలహాదారుల్లో నేను లేను. అలా బిగబట్టిన వాళ్లు ఏదో ఒక రోజు ఒక్కసారిగా తెగించి కొనేస్తారు, అదీ కార్డు మీదే. కార్డు బాకీ తీరిన నెల నుంచి ఆ వాయిదా మొత్తాన్ని రెండు వాటాలు చేయండి. ఒకటి అత్యవసర నిధికి, రెండోది సంగీతానికి. నిధిని మాత్రం పెడల్ కోసం కదపొద్దు. ఆదివారం గడువు అత్యవసరం కాదు.

ఆ గడువు గురించి కూడా ఒక మాట. 30 శాతం తగ్గింపు దేని మీద? కొట్టేసి చూపించిన ధరకు ఆ పెడల్ నిజంగా ఎప్పుడైనా అమ్ముడైందా? వేరే మూడు నాలుగు చోట్ల ఇవాళ్టి ధర చూడండి, వాడినవి ఎంతకు పోతున్నాయో చూడండి. అన్నిచోట్లా 70 దగ్గరే ఉంటే దాని ధరే 70, మీకు ఎవరూ ఏమీ తగ్గించలేదు. నిజంగానే తగ్గించి ఉంటే, ఎందుకు తగ్గించారన్నది తర్వాతి ప్రశ్న. పండగ అమ్మకమైతే ఫర్వాలేదు. పాత సరుకు వదిలించుకోవడమైతే వారంటీ ఎవరిస్తారో కనుక్కోవాలి. ఉదాహరణకు డిజిటెక్ బ్రాండ్ ఒకప్పుడు హార్మన్ అనే ఆడియో సంస్థ చేతిలో ఉండేది, 2022లో కొరియా గిటార్ల సంస్థ కోర్టెక్ దాన్ని కొనుక్కుంది. ఇలా చేతులు మారిన బ్రాండ్ల పాత పెట్టె దొరికినప్పుడు, చెడిపోతే బాగుచేసేది అమ్మిన దుకాణమా, పాత యజమానా, కొత్త యజమానా అన్నది రాతపూర్వకంగా తీసుకోండి. నోటిమాట చాలదు.

పెడల్ ధరతోనే ఖర్చు ఆగదు కూడా. పెట్టెలో అడాప్టర్ ఉందో లేదో చూడండి. చాలా పెడళ్లకు 9 వోల్టులే కావాలి, కానీ ఇలాంటి డిజిటల్ పెడల్ మామూలు డిస్టార్షన్ పెడల్ కన్నా ఎక్కువ కరెంటు లాగుతుంది. ఇంట్లో ఉన్న పాత అడాప్టర్ పనికిరాకపోవచ్చు. ఇంకో కేబుల్ కావాలి. డ్రమ్స్‌ను మీ బేస్ ఆంప్‌లోంచే వినాలనుకుంటే, ట్వీటర్ (పై స్వరాలకు ఉండే చిన్న స్పీకర్) లేని ఆంప్‌లో సింబల్స్ (డ్రమ్స్‌లోని లోహపు పళ్లేలు) మొద్దుగా, దుప్పటి కప్పినట్టు వినిపిస్తాయి. అప్పుడు వేరే స్పీకరో, మంచి హెడ్‌ఫోన్సో కొనాలనిపిస్తుంది. అన్నీ కలిపితే తడిసి మోపెడవుతుంది.

బాకీ తీరేదాకా ఏం చేయాలంటారా? ఫోన్ ఎలాగూ ఉంది, దాని మీద వడ్డీ కూడా కడుతున్నారు, వాడుకోండి. ఉచితంగా దొరికే డ్రమ్ మెషిన్ యాప్ ఒకటి వేసుకోండి. బేస్ తీసేసిన ట్రాక్‌లు వెతికితే బోలెడు దొరుకుతాయి. మెట్రోనోమ్‌ను కూడా అప్పుడే పారేయకండి. కొన్ని యాప్‌లలో నాలుగు బార్లు (తాళంలో నాలుగు చుట్లు) మోగి, తర్వాతి నాలుగు బార్లు నిశ్శబ్దంగా ఉండేలా పెట్టుకోవచ్చు. ఆ నిశ్శబ్దంలో మీరు వాయిస్తూనే ఉండాలి. అది మళ్లీ మోగినప్పుడు మీరు ముందున్నారో, వెనకబడ్డారో తెలిసిపోతుంది. నాకూ బేస్ వాయించే అలవాటుంది కాబట్టి చెబుతున్నాను, దీంతో విసుగు రాదు, పౌరుషం వస్తుంది.

ఈ నెలల్లో మీరు వారానికి ఐదు రోజులు, రోజుకు అరగంట చొప్పున కూర్చోగలిగితే, ఆ లెక్కన ఏడాదికి 130 గంటలు. ఆ అలవాటు నిలిస్తే పెడల్ ధరను 130తో భాగించి చూడండి, గంటకు పడేది చాలా తక్కువే. యాప్‌నే వారానికోసారి తెరుస్తుంటే, పెడల్ వచ్చినా అంతే.

అప్పుడు కొనాలనుకుంటే నా మొగ్గు లూపర్ వైపు, లేదా రిథమ్ ఉన్న లూపర్ వైపు. లూపర్‌లో రెండు బార్ల లైన్ రికార్డు చేస్తే అది మళ్లీ మళ్లీ మోగుతూ ఉంటుంది, దాని మీద వాయించుకుంటారు. స్విచ్ రవ్వంత ఆలస్యంగా నొక్కారనుకోండి, ఆ తడబాటు ప్రతి చుట్టులోనూ అదే చోట వినిపిస్తూ ఉంటుంది. టైమింగ్ గురించి ఇంత మొహమాటం లేకుండా చెప్పే గురువు దొరకడం కష్టం. టీసీ ఎలక్ట్రానిక్ డిట్టో లాంటివి ఒకే నాబ్, ఒకే స్విచ్‌తో ఉండే లూపర్లు. బాస్ కంపెనీ ఆర్‌సీ-10ఆర్‌లో రిథమ్, లూపర్ రెండూ ఉన్నాయి. బీట్‌బడ్డీ పూర్తిగా డ్రమ్స్ కోసమే. జూమ్ బీ1 ఫోర్ అయితే బేస్ కోసమే చేసిన మల్టీ ఎఫెక్ట్స్ (ధ్వనిని రకరకాలుగా మార్చే) పెడల్. అందులో రిథమ్ ప్యాటర్న్‌లు, 30 సెకన్ల లూపర్ ఉన్నాయి, మామూలు ఏఏ బ్యాటరీలతో కూడా నడుస్తుంది. మీ పరిస్థితికి నేను ముందు చూడమనేది ఇలాంటిదాన్నే.

వాడినది దొరికితే ఇంకా మంచిది. కొత్తది కొన్నప్పుడు విలువ ఎక్కువగా పడేది మొదట్లోనే. ఆ దెబ్బ ఇంకొకరు తినేశారు కాబట్టి, తర్వాత మీరు అమ్ముకున్నా పెద్దగా పోదు. కొనేముందు సొంత బేస్, కేబుల్ పట్టుకెళ్లి తగిలించి చూడండి. స్విచ్‌ను వరసగా పదిసార్లు నొక్కండి, ఒక్కసారైనా అందుకోకపోతే వదిలేయండి. నాబ్‌లు తిప్పినప్పుడు గరగర వస్తుందేమో వినండి.

మీ ఆవిడతో మాట్లాడేటప్పుడు దయచేసి తగ్గింపు శాతం ఎత్తకండి. ఆమె అడిగేది ధర గురించి కాదనుకుంటాను. ఇంతకు ముందు కొన్నవాటిలో మూలన పడి ఉన్నది ఏదైనా ఉంటే, ముందు దాన్ని అమ్మి ఆ డబ్బు పెడల్ ఖాతాలో వేయండి. ఇద్దరికీ నెలకు చెరో చిన్న మొత్తం, ఒకరికొకరు లెక్క చెప్పక్కర్లేనిది, పక్కన పెట్టుకోండి. ఆమె వాటాతో ఆమె ఏం కొన్నా మీరూ అడగకూడదు. నేను చూసిన ఇళ్లలో ఈ ఒక్క ఏర్పాటు చాలా గొడవలు తగ్గించింది.

ఇంట్లో గిటార్ నిజంగానే ఉంటే మాత్రం, పెడల్ మోడల్ పేరు, ఆదివారం తర్వాత దాని ధర ఎంత పలుకుతోందో రాయండి. బాకీ తీరడానికి ఇంకా ఎన్ని వాయిదాలున్నాయో కూడా. మళ్లీ లెక్క వేద్దాం.