బూట్లు చూస్తే ఏడుపొస్తోంది

ప్రశ్న: నా వయసు 39. ఉద్యోగం చేస్తున్నాను. పాపకు పదకొండేళ్లు, బాబుకు ఏడు. మావారిది నెలలో సగం రోజులు ఊళ్లు తిరిగే ఉద్యోగం. అత్తగారు మాతోనే ఉంటారు. ఏడాది కిందట ఆవిడకు మోకాలి ఆపరేషన్ అయింది. రెండేళ్ల కిందట రక్తపరీక్షలో నా మూడు నెలల షుగర్ సగటు 6.1 వచ్చింది, అంటే షుగర్ జబ్బు అంచున. బరువు తగ్గమని, రోజూ నడవమని డాక్టరు చెప్పారు. నడకతో మొదలుపెట్టాను. తర్వాత పరుగు, ఆ తర్వాత జిమ్, వారానికి ఆరు రోజులు. పడుకునేసరికి పదకొండు దాటుతుంది, నాలుగున్నరకు లేస్తాను. తొమ్మిది కిలోలు తగ్గాను, షుగర్ 5.6కు దిగింది. ఒక హాఫ్ మారథాన్ కూడా పూర్తి చేశాను. అలాంటిది రెండు నెలలుగా, అలారం మోగగానే లేచి మంచం అంచున కూర్చుని బూట్లు చూస్తే ఏడుపొస్తోంది. వెళ్లిన రోజు కాళ్లు ఈడుస్తున్నట్టు ఉంటుంది. వెళ్లకపోతే ఆ రోజంతా ఏదో తప్పు చేసినట్టు ఉంటుంది. "నీకన్నీ కొన్నాళ్ల మోజులే" అన్నారు మావారు. మొన్న మా పాప "అమ్మా, నువ్వు జిమ్‌కి వెళ్లిన రోజే ఎక్కువ అరుస్తావు" అంది. మూడు నెలల్లో ఇంకో హాఫ్ మారథాన్ ఉంది, మా పరుగు గ్రూపుతో కలిసి పేరిచ్చేశాను. మానేస్తే షుగర్ మళ్లీ వస్తుందని భయం. పాత ఉత్సాహం తిరిగి తెచ్చుకోవడం ఎలా?

జవాబు: మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి పక్కన కాగితం పెట్టుకుని గంటలు లెక్కవేశాను. పదకొండు దాటాక పడక, నాలుగున్నరకు మెలకువ. పడుకోగానే నిద్ర పట్టిందనుకున్నా ఐదు, ఐదుంబావు గంటలు. అదీ రెండేళ్లుగా. ఈ రెండేళ్లలో మీ మీదున్న పనుల్లో ఒక్కటి తగ్గినట్టు ఉత్తరంలో ఎక్కడా లేదు. పైగా మధ్యలో అత్తగారి ఆపరేషన్ వచ్చి చేరింది. అంటే మీ వ్యాయామానికి కావలసిన టైమ్ ఇంట్లోవాళ్లు ఇచ్చింది కాదు, ఆఫీసు ఇచ్చిందీ కాదు. మీ నిద్రలోంచి తీసుకుని వాడుకున్నారు. ఇప్పుడు ఆ అప్పు వసూలుకు వచ్చి మంచం అంచున కూర్చుంది.

అందుకని ఉత్సాహం సంగతి కాసేపు పక్కన పెడదాం. ఉత్సాహం తక్కువైన మనిషైతే రెండో నెలలోనే హాయిగా మానేసేది. మీకది కాస్త ఎక్కువే ఉంది కాబట్టే ఒళ్లు వద్దంటున్నా ఇంతదూరం లాక్కొచ్చారు.

శరీరానికి ఆఫీసు టెన్షన్ ఒక ఖాతా, పిల్లల పరీక్షలు ఒక ఖాతా, జిమ్ ఇంకో ఖాతా అని ఉండవు. అన్నీ ఒకే చోట రాసుకుంటుంది. 1936లో హాన్స్ సెల్యే అనే శాస్త్రవేత్త ఎలుకల మీద చేసిన ప్రయోగాల గురించి ఒక చిన్న వ్యాసం రాశాడు. చలికి గురిచేసినా, గాయమైనా, మందులు ఎక్కించినా, మితిమీరి పరిగెత్తించినా వాటి ఒంట్లో ఒకే రకం మార్పులు కనబడ్డాయి. మొదట కంగారు, తర్వాత తట్టుకోవడం, అదే ఒత్తిడి ఇంకా సాగితే చేతులెత్తేయడం. మనం మోసపోయేది ఆ మధ్య దశలోనే. అప్పుడు అంతా బాగానే ఉన్నట్టు ఉంటుంది. అందరూ మెచ్చుకుంటారు. మీకు మొదటి ఏడాదిన్నర అలాగే గడిచి ఉంటుంది.

మీవారన్న 'మోజు' మాటకు వద్దాం. మోజు తీరిన మనిషికి బూట్లు చూస్తే ఏమీ అనిపించదు. ఏడుపు రాదు, వెళ్లని రోజు తప్పు చేసినట్టూ ఉండదు. కాబట్టి ఆ మాట మీకు వర్తించదు. కానీ ఆయన మీద నేనిక్కడ తీర్పు చెప్పబోవడం లేదు. నెలలో సగం రోజులు ఇంట్లో లేని మనిషికి మీరు నాలుగున్నరకు లేవడం కనబడుతుంది, పదకొండు దాకా మేలుకుని ఉండటం కనబడకపోవచ్చు. ఆ సంగతి ఆయనకు ఎవరు చెప్పారు? మీరు చెప్పారా?

ముందుగా డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఇది వాయిదా వేయొద్దు. అతి వ్యాయామం వల్ల వచ్చే ఈ స్థితిని క్రీడా వైద్యులు ఓవర్‌ట్రైనింగ్ అంటారు. దీన్ని తేల్చే ఒకే ఒక్క రక్తపరీక్ష అంటూ లేదు. మిగతా కారణాలు ఏవీ కావని తేలాకే ఈ పేరు పెడతారు. కొద్దిపాటిదైతే కొన్ని రోజుల నుంచి కొన్ని వారాల విశ్రాంతితో సర్దుకుంటుంది, ముదిరితే నెలలు పడుతుంది. రక్తహీనత, ఐరన్ తక్కువ కావడం, థైరాయిడ్, బి12 లోపం, వీటన్నిటికీ కాళ్లు ఈడ్చినట్టే ఉంటుంది. నెలసరిలో మార్పులుంటే అవీ చెప్పండి. బరువు తగ్గాలని తిండి బాగా తగ్గించి ఉంటే దాచకండి, ఎందుకంటే చేసే శ్రమకు తగ్గ తిండి లేకపోయినా ఒళ్లు ఇలాగే మొరాయిస్తుంది. ఛాతీలో నొప్పి, కళ్లు తిరిగి పడబోవడం, పరిగెత్తాక మూత్రం ముదురు రంగులో రావడం లాంటివి ఉంటే మాత్రం అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.

ఇంకో మాట మిమ్మల్నే అడుగుతాను, నిజాయతీగా జవాబు చెప్పుకోండి. బూట్లు చూస్తేనే ఏడుపొస్తోందా, లేక దేన్ని చూసినా ఇలాగే ఉందా? ఇష్టమైన మనుషులతో కూర్చున్నా, సెలవు రోజు కూడా, ఏదీ రుచించకుండా రెండు వారాలు దాటితే అది వ్యాయామంతో వచ్చిన అలసట ఒక్కటే కాకపోవచ్చు. డిప్రెషన్ కావచ్చు. దానికి మానసిక వైద్యుల దగ్గర మంచి చికిత్స ఉంది. బతుకు మీదే విసుగు పుట్టే ఆలోచనలు వస్తుంటే ఈ జవాబు ఇక్కడే ఆపి, ఇంట్లో ఒకరికి చెప్పి, ఈ రోజే వైద్యులను కలవండి.

పరీక్షలన్నీ బాగానే ఉన్నాయనుకుందాం. అప్పుడు రెండు వారాలు పూర్తిగా ఆపండి. జిమ్ లేదు, పరుగు లేదు, "పోనీ ఇంట్లోనే కాస్త" అనే బేరాలూ లేవు. నాలుగున్నర అలారం తీసేసి ఆ టైమ్‌లో పడుకోండి. పెద్దవాళ్లకు రాత్రికి ఏడు గంటల నిద్రైనా కావాలని నిద్ర వైద్యులు చెబుతారు, మీకు రోజుకు దాదాపు రెండు గంటలు బాకీ ఉంది. మొదటి నాలుగైదు రోజులు ఇంకా ఎక్కువ అలసటగా అనిపిస్తే భయపడకండి. చాలామంది నాతో ఇదే మాట చెబుతారు, ఆగాకే ఎంత అలిసిపోయామో తెలిసిందని.

ఇక్కడ మీ భయం అడ్డొస్తుంది, కష్టపడి సంపాదించిందంతా పోతుందేమోనని. రెండు వారాలకు కండబలం చెప్పుకోదగ్గంత తగ్గదు. దమ్ము కాస్త తగ్గుతుంది, మొదలుపెట్టాక తిరిగొస్తుంది. 1981లో రాబర్ట్ హిక్సన్ అనే పరిశోధకుడి బృందం కొందరితో పది వారాలపాటు వారానికి ఆరు రోజులు, రోజుకు 40 నిమిషాల చొప్పున గట్టి వ్యాయామం చేయించింది. తర్వాత కొందరికి నాలుగు రోజులకు, మరికొందరికి రెండు రోజులకు తగ్గించింది. చేసే రోజు మాత్రం అదే జోరు, అవే 40 నిమిషాలు. పదిహేను వారాలు గడిచినా రెండు రోజులవాళ్లకు కూడా దమ్ము నిలబడింది. కొత్తగా సంపాదించడానికి పట్టేంత శ్రమ, సంపాదించింది నిలుపుకోవడానికి పట్టదు.

షుగర్ భయం ఇంకా పెద్దది, అది న్యాయమైనదే. అమెరికాలో షుగర్ అంచున ఉన్న మూడు వేలమందికి పైగా మనుషులతో ఒక పెద్ద అధ్యయనం జరిగింది, ఫలితాలు 2002లో వచ్చాయి. జీవనశైలి మార్చుకున్న బృందంలో షుగర్ జబ్బు రావడం 58 శాతం తగ్గింది. వాళ్లకు పెట్టిన లక్ష్యం బరువులో 7 శాతం తగ్గడం, వారానికి 150 నిమిషాల చురుకైన నడకలాంటి శ్రమ. అంతే. అందులో హాఫ్ మారథాన్ లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పిందీ ఇంచుమించు అదే: మధ్యస్థమైన శ్రమ అయితే వారానికి 150 నుంచి 300 నిమిషాలు, రెండు రోజులు కండరాలకు పని. పది నిమిషాలకు తక్కువైతే లెక్కలోకి రాదన్న పాత నిబంధనను కూడా అప్పుడు తీసేశారు. మెట్లు ఎక్కడం, ఫోన్ మాట్లాడుతూ నడవడం కూడా లెక్కలోకే వస్తాయి.

దీనికి రెండో వైపు కూడా వినండి. 1999లో షికాగోలో పదకొండు మంది ఆరోగ్యవంతులైన యువకులను ఆరు రాత్రులు నాలుగు గంటలే పడుకోనిచ్చి పరీక్షిస్తే, ఒంట్లో చక్కెరను సర్దుకునే శక్తి తగ్గిపోయింది. ఆరు రాత్రులకే! మీరు నిద్ర కోసుకుని షుగర్‌తో యుద్ధం చేస్తున్నారు. ఆ నిద్ర కూడా మీ వైపు సైనికుడే కదా.

అడుగుల లెక్క గురించి మీరు రాయలేదు కానీ మీ చేతికి గడియారం ఉండే ఉంటుందని నా అనుమానం. పదివేల అడుగులనేది 1965లో జపాన్‌లో అమ్మిన ఒక అడుగుల మీటరు పేరులోంచి వచ్చిన అంకె. ముందు ఏ వైద్యుడో లెక్కకట్టి తేల్చింది కాదు. ఇది తెలియక నేనూ ఒకప్పుడు రాత్రి పదకొండింటికి సోఫా చుట్టూ ప్రదక్షిణలు చేసి పదివేలు పూర్తి చేసినదాన్నే. ఈ రెండు వారాలూ ఆ గడియారాన్ని సొరుగులో పెట్టేయండి.

ఇక అసలు పని ఇంట్లో ఉంది. మళ్లీ మొదలుపెట్టేటప్పుడు ఆ టైమ్ నిద్రలోంచి రాకూడదు. మరెక్కడినుంచి రావాలి? ఇంట్లోవాళ్ల దగ్గర్నుంచి. మీవారు ఊళ్లో ఉన్న ఒక సెలవు రోజు, ఇద్దరూ స్థిమితంగా ఉన్నప్పుడు కూర్చోండి. రాత్రి పదకొండుకు, ఒంట్లో ఓపిక లేనప్పుడు ఎత్తితే ఆ మాట గొడవకే దారితీస్తుంది. లేచింది మొదలు పడుకునేదాకా మీరు చేసే పనులన్నీ ముందే కాగితం మీద రాసి ఉంచుకోండి. ఫిర్యాదు చేయకుండా ఆయన ముందు పెట్టండి. "నాకు వారంలో మూడు రోజులు, రోజుకు ముప్పావుగంట కావాలి. ఇందులో ఏవి మీరు తీసుకుంటారు?" అని అడగండి. 'సాయం చేయండి' అని మాత్రం అడగొద్దు. సాయం అంటే పని మీదే, చెయ్యి ఆయనది. గుర్తుపెట్టుకోవడం, పురమాయించడం మళ్లీ మీకే మిగులుతాయి. పని మొత్తంగా ఆయనకు పోవాలి, మర్చిపోతే ఆ ఇబ్బందితో సహా. ఊళ్లో లేని రోజులకు ఏర్పాటేమిటో కూడా ఆయననే ఆలోచించమనండి. అత్తగారు ఇప్పుడు కోలుకుని ఉంటే బాబు హోంవర్క్ దగ్గర కూర్చోవడం ఆవిడకు భారం కాకపోవచ్చు. అడిగి చూడండి. ఇన్నాళ్లూ తనను ఏ పనీ అడగలేదని లోపల చిన్నబుచ్చుకునే పెద్దవాళ్లను నేను చాలామందిని చూశాను.

ఆయన ఒప్పుకోకపోతే? అప్పుడు వ్యాయామం తగ్గుతుందే తప్ప నిద్ర తగ్గకూడదు. ఇందులో నేను రాజీపడను.

రెండు వారాల తర్వాత ఇరవై నిమిషాల నడక, వారానికి మూడు రోజులు, గడియారం లేకుండా. ఇంకాస్త నడవాలనిపిస్తుండగానే ఇంటికి తిరిగొచ్చేయండి. ఈ ఒక్క నియమం పాటించడమే మీకు కష్టం, నాకు తెలుసు. నెల గడిచాక ఒళ్లు తేలికగా ఉంటే ఒక రోజు బరువులెత్తడమో, పరుగో కలపండి. ముందు రాత్రి ఆరున్నర గంటలైనా నిద్ర పోకపోతే ఆ రోజు వ్యాయామం రద్దు, దానికి బదులు మర్నాడు రెట్టింపు చేయడాలు లేవు. పిల్లలకు పరీక్షలప్పుడు, ఆఫీసులో పని పెరిగినప్పుడు ముందే తగ్గించుకోండి. జిమ్ మీకు అసలు ఇష్టమేనా, లేక నలుగురూ వెళ్తున్నారని వెళ్లారా అన్నదీ అప్పుడు తేలుతుంది. ఇష్టం లేదని తేలితే మళ్లీ దాని జోలికి వెళ్లకపోయినా నష్టమేమీ లేదు.

పాప అన్న మాటకు మీరు నొచ్చుకున్నట్టున్నారు. ఆ పిల్ల తప్పు పట్టలేదు, చూసింది చెప్పింది. మీ ఒంటి సంగతి మీకన్నా ముందు తనకే తెలిసింది. "నువ్వు చెప్పింది నిజమేనే, అందుకే కొన్నాళ్లు ఆపేశాను" అని చెప్పండి. మీరు మళ్లీ అరవడం మొదలైతే చెప్పే బాధ్యత కూడా తనకే ఇవ్వొచ్చు, చాలా సంతోషంగా చేస్తుంది.

హాఫ్ మారథాన్‌కు వెళ్లకండి. కట్టిన డబ్బు పోతే పోనివ్వండి. గ్రూపులో మోకాలు నొప్పి అని అబద్ధం రాస్తే నెల తిరక్కుండానే "తగ్గిందా, ఎప్పుడొస్తున్నావు" అని మొదలవుతుంది. "నేను ఈసారి పరిగెత్తడం లేదు, బాగా అలిసిపోయాను" అని రాసి, ఆ గ్రూపును రెండు నెలలు మ్యూట్‌లో పెట్టేయండి. అయితే రాసిన రోజు మాత్రం విడిగా వచ్చే మెసేజ్‌లు చూసుకోండి. "నాకూ అలాగే ఉంది" అని ఒకరైనా రాస్తారు.