ర్యాంప్ దిగే ముందు

తల్లీ,

ఒడిశా చిలికాలో నీ నేవీ ట్రైనింగ్ పూర్తయిందని, ల్యాండింగ్ షిప్ మీద పోస్టింగ్ వచ్చిందని నిన్న మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. చెబుతూ ఏడ్చేసింది. మన ఇంట్లో మళ్ళీ ఒకరు ఆ తెల్ల యూనిఫాం వేసుకుంటున్నారు, అదీ నువ్వు. ఆ ముక్క వినగానే ఊరంతా తిరిగి చెప్పాలనిపించింది. కానీ ఏ షిప్ అన్నది విన్నాక రాత్రి నిద్ర పట్టలేదు. నడిసముద్రంలో తిరిగే షిప్ అయితే నాకు ఇంత టెన్షన్ ఉండేది కాదు. నీది ఒడ్డు మీదకి ఎక్కే షిప్. సముద్రం ఎక్కువ మోసం చేసేది ఒడ్డు దగ్గరే.

చిన్న చిన్న విషయాలు ముందు చెప్పేస్తాను. ఆ షిప్‌లు నీళ్ళలోకి ఎక్కువ దిగవు, అందుకని ఊపు ఎక్కువ. ఖాళీ కడుపుతో డ్యూటీకి వెళ్ళకు. జేబులో నిమ్మకాయ, నాలుగు బిస్కట్లు పెట్టుకో. ఉంగరం, చెయిన్ ఇంట్లోనే వదిలెయ్. మొదటి నెల జీతం మీ అమ్మ చేతికి ఇవ్వు, నాకేమీ కొనొద్దు. ఒడ్డు తాకే ముందు వెనక నుంచి ఒక యాంకర్ వదులుతారు. తర్వాత షిప్ వెనక్కి రావడానికి దాన్నే లాగుతారు. ఆ వైరు బిగుస్తున్నప్పుడు దాని దరిదాపుల్లో నిలబడకు. తెగిందంటే కాళ్ళు పోతాయి.

ఇక అసలు విషయం. నీకు ఇన్నాళ్ళూ ఘాజీ మునిగిన కథ, విక్రాంత్ కథ చెప్పాను గానీ, కాక్స్ బజార్ సంగతి ఎప్పుడూ పూర్తిగా చెప్పలేదు.

1971 డిసెంబర్. తూర్పు పాకిస్తాన్‌లో, అంటే ఇప్పటి బంగ్లాదేశ్‌లో, పాకిస్తాన్ సైన్యం చుట్టూ దారులు మూసుకుపోతున్నాయి. మిగిలింది దక్షిణాన అరకాన్ వైపు, బర్మాలోకి పోయే దారి. అటు నుంచి తప్పించుకుపోకుండా కాక్స్ బజార్ దగ్గర సముద్రం మీంచి మన సైన్యాన్ని దింపాలని అప్పటికప్పుడు నిర్ణయించారు. గూర్ఖా పటాలం, బీహార్ రెజిమెంట్ వాళ్ళు కొందరు కలకత్తాలో విశ్వ విజయ్ అనే సరుకుల ఓడ ఎక్కి వచ్చారు. వాళ్ళని ఒడ్డుకు చేర్చాల్సింది మేము. ఘరియాల్, గుల్దార్ అని పోలాండ్‌లో కట్టిన రెండు ల్యాండింగ్ షిప్‌లు. ఆ రెంటిలో ఒకదాని మీద నేనున్నాను.

నడిసముద్రంలో ఆ ఓడ నుంచి మా షిప్‌లోకి జవాన్లని దింపాం. ఒక ఓడ లేస్తుంటే ఇంకోటి కుంగుతోంది. కొండల్లో పుట్టి పెరిగిన పిల్లలు వాళ్ళు. చాలామంది సముద్రం చూడటమే మొదటిసారి. ఒక కుర్రాడు నా కాళ్ళ దగ్గరే కూలబడి వాంతి చేసుకున్నాడు. మీసం కూడా సరిగా రాలేదు. నా దగ్గరున్న నిమ్మకాయ చెక్క ఇస్తే దాన్ని పీలుస్తూ, తడిసిన బూట్ల లేసులు విప్పి మళ్ళీ గట్టిగా, రెండు ముళ్ళు వేసి కట్టుకున్నాడు. ఒడ్డు మీద పరిగెత్తాలి కదా, ఊడిపోకూడదని. ఆ రెండు ముళ్ళు చూస్తూ కూడా నాకు ఏమీ తోచలేదు. అప్పుడు ఎవరికీ తోచలేదు.

ఒడ్డు వైపు వెళ్ళాం. కింద ఇసుక తగిలింది, షిప్ ఒక్క కుదుపుతో ఆగింది. ఎదురుగా సరుగుడు చెట్లు, పొడవాటి ఇసుక, దగ్గరగానే కనిపిస్తోంది. ర్యాంప్ దించారు. ముందు వరసలో ఉన్నవాళ్ళు దిగారు. వీపు మీద మూట, ఒంటి నిండా తూటాలు, చేతిలో రైఫిల్. మోకాళ్ళ లోతు ఉంటుందనుకున్న చోట తలలు కూడా కనబడలేదు.

మేము ఆగింది ఒడ్డు మీద కాదమ్మా, ఒడ్డుకు ముందున్న ఇసుకదిబ్బ మీద. దిబ్బకీ ఒడ్డుకీ మధ్య కాలవలాగా లోతు ఉంది. తాళ్ళు విసిరాం, కేకలు వేశాం. చేతికి అందిన వాళ్ళని పైకి లాగాం. అందని వాళ్ళున్నారు. శత్రువు వైపు నుంచి ఒక్క తూటా కూడా రాలేదు, జవాన్లు నీళ్ళలోనే పోయారు. దింపడం ఆపేశారు. మిగిలిన వాళ్ళని తర్వాత నాటు పడవల మీద ఒడ్డుకు చేర్చారు. అక్కడికి వెళ్ళి చూస్తే ఊరు అప్పటికే ముక్తివాహిని, అంటే బంగ్లాదేశ్ విముక్తి కోసం పోరాడేవాళ్ళ చేతిలో ఉంది. డిసెంబర్ 16న ఢాకాలో లొంగుబాటు జరిగింది. దేశమంతా మిఠాయిలు పంచుకుంది, మేమూ తిన్నాం. ఆ నిమ్మకాయ కుర్రాడు దిగిన వాళ్ళలో ఉన్నాడో లేదో నాకు ఈనాటికీ తెలియదు.

తప్పు ఫలానా వాళ్ళదని నేను వేలెత్తి చూపను. యుద్ధం తరుముతోంది, టైం లేదు. ముందే ఈదుకుంటూ వెళ్ళి ఆ ఒడ్డు లోతు చూసి వచ్చే దళం అప్పటికి మన నేవీలో లేదు. మెరైన్ కమాండోలు వచ్చింది 1987లో. రిటైరయ్యాక చదివితే తెలిసింది, 1943 నవంబర్‌లో పసిఫిక్‌లో తరావా దగ్గర అమెరికా వాళ్ళకీ ఇలాంటిదే జరిగిందని. అనుకున్నంత పోటు రాక పడవలు పగడపు దిబ్బ మీద ఇరుక్కుపోయాయి. సైనికులు తూటాల మధ్య నీళ్ళలో వందల గజాలు నడవాల్సి వచ్చింది. ఆ తర్వాతే వాళ్ళు అడుగు చూసి వచ్చే ఈతగాళ్ళ దళాల్ని పెద్ద ఎత్తున తయారు చేసుకున్నారు. అది జరిగిన 28 ఏళ్ళకు మన జవాన్లు అలాగే లోతు తెలియని నీటిలో దిగారు. ఈ సంగతి చదివిన రోజు నాకు వచ్చిన కోపం ఇంకా చల్లారలేదు.

మా నాన్న ఈ సంగతి పుస్తకంలో చదవలేదు. భీమిలి ఒడ్డున తెప్ప తెచ్చేటప్పుడు గెడకర్రతో అడుగు పొడుస్తూ వచ్చేవాడు. అల తెల్లగా విరిగిన చోట దిబ్బ ఉంటుంది, దాటాక నీరు మళ్ళీ నున్నగా, నల్లగా కనబడితే అక్కడ లోతు ఉంటుంది అని నాకు చూపించేవాడు. నిన్నూ చిన్నప్పుడు తీసుకెళ్ళి అదే చూపించాను, నువ్వు గవ్వలు ఏరుకుంటూ కూర్చున్నావు. ఈసారి సెలవులో వస్తే మళ్ళీ చూపిస్తాను, ఈసారి వినాలి. ఇప్పుడు మీ షిప్‌లలో లోతు చెప్పే మిషన్లు ఉంటాయి, నిజమే. మిషన్ షిప్ కింద ఎంత లోతుందో చెబుతుంది. ర్యాంప్ చివర నుంచి ఒడ్డు దాకా ఎంత ఉందో ఎవరైనా చూశారా అని అడుగు. పై వాళ్ళకి ఎదురు చెప్పమనడం లేదు. కానీ ర్యాంప్ దగ్గర నీ డ్యూటీ ఉండి, ముందు నీరు నల్లగా కనిపిస్తే నోరు మూసుకుని నిలబడితే మాత్రం నేను ఒప్పుకోను. గట్టిగా చెప్పు. చెప్పాక తిట్లు పడితే పడనీ.

ఇంకొకటి. నీ షిప్ ఎక్కే వాళ్ళలో ఎక్కువమందికి సముద్రం తెలియదు. జవాన్లయినా అంతే, ఆపదలో తెచ్చే మామూలు జనమైనా అంతే. 2020లో కరోనా అప్పుడు మన నేవీ షిప్ జలాశ్వ మాల్దీవుల నుంచి దాదాపు 700 మందిని తెచ్చింది, టీవీలో చూశావు కదా. చంటిపిల్లలతో, సూట్‌కేసులతో ఎక్కిన వాళ్ళు వాళ్ళు. వాళ్ళ బూట్లు, మూటలు, భయం అన్నీ నువ్వే చూసుకోవాలి. దింపే ముందు మూట తేలిగ్గా విప్పుకునేలా ఉందో లేదో ఒక్కొక్కరిదీ చేత్తో తడిమి చూడు. విసుక్కోకు.

స్విమ్మింగ్ టెస్ట్ పాసయ్యాను కదా తాతా అంటావు. కొలనులో, ఈత బట్టలతో పాసయితే నాకు సరిపోదు. బట్టలు, బూట్లు వేసుకుని ఈదడం వేరు. నీళ్ళలో ఉండగానే లేసు విప్పడం రావాలి. ఒంటరిగా మాత్రం వద్దు, గట్టున ఈత బాగా వచ్చిన మనిషి ఉండాలి. మొండికేశావంటే నేనే వచ్చి గట్టున కూర్చుంటాను, మోకాళ్ళ నొప్పులున్నా సరే.

అగ్నివీర్ ఉద్యోగం నాలుగేళ్ళే కదా, ఆ తర్వాత ఏమిటని మీ నాన్న బెంగ పెట్టుకున్నాడు. దాని గురించి నేను మాట్లాడాను, ఇప్పుడు మెత్తబడ్డాడు. నువ్వు కూడా ఒకసారి ఫోన్ చేసి నాన్నా అని పిలువు, చాలు. షిప్‌లో చేరే లోపు పది రోజులు ఖాళీ ఉందట కదా. వైజాగ్‌లో ఈత నేర్పే మాస్టారితో మాట్లాడి ఉంచాను. పాత బూట్లు ఒక జత తెచ్చుకో, కొత్తవి పాడు చేయకు. ఆదివారం పొద్దున్న బస్సుకి బయలుదేరు.

నీ తాత