లాత్వియా సంక్షోభం మీద రాయబోయే అమ్మాయికి

అమ్మాయికి ఆశీస్సులు.

2008–11 నాటి ఆర్థిక సంక్షోభంలో లాత్వియాలో అవినీతీ, సంస్థల మీద జనం నమ్మకమూ ఎలా మారాయో రాయబోతున్నావని తెలిసి సంతోషించాను. ఒక్క సంగతి గట్టిగా పట్టుకో: అవినీతి ఉందని జనం అనుకోవడం వేరు, చెయ్యి తడపడం వేరు. రోజులు బాగాలేనప్పుడు మొదటిది తనంతట తనే పెరుగుతుంది. జీతం కోతపడ్డవాడికి, ఆ ఏడు తను ఎవరికీ రూకైనా ఇవ్వకపోయినా, పైవాళ్ళు తినేశారనే అనిపిస్తుంది.

అందుకని ట్రాన్స్‌పరెన్సీ ఇంటర్నేషనల్ సంస్థ ఏటా దేశాలకు మార్కులేసే అవినీతి సూచీతో మొదలుపెట్టకు. అది నిపుణుల, వ్యాపారుల అభిప్రాయం. పైగా 2012లో లెక్కగట్టే పద్ధతి మారింది; అంతకుముందు పదికి వేసిన మార్కుల్ని పదితో గుణించి కొత్తవాటి పక్కన పెడితే కుదరదు. ప్రపంచ బ్యాంకు, ఐరోపా పునర్నిర్మాణ బ్యాంకు కలిసి చేసిన ‘లైఫ్ ఇన్ ట్రాన్సిషన్’ సర్వే తీసుకో. 2006 విడత సంక్షోభానికి ముందుది, 2010 విడత దెబ్బ తగిలాక చేసింది. దేశానికి సుమారు వెయ్యి ఇళ్ళు.

ముందు ప్రశ్నాపత్రాలు చదువు. “మీలాంటివాళ్ళు ఇవ్వాల్సి వస్తుందా” అన్నదానికీ “మీ ఇంట్లో ఎవరైనా ఇచ్చారా” అన్నదానికీ వచ్చిన జవాబుల్ని ఒకే వరసలో పెట్టకు. తర్వాత హారం, అంటే ఎంతమందిలో అన్న లెక్క, చూసుకో; ఎక్కువమంది బోల్తాపడేది ఇక్కడే. వెయ్యిమందిలో కోర్టు మెట్లెక్కింది 120 మంది, లంచమిచ్చింది 12 మంది అనుకో. అది 1.2 శాతం కాదు, 10 శాతం. 120 మందే కాబట్టి ఆ పది, అటూ ఇటూ అయిదు పాయింట్ల పైనే జరగొచ్చు. రెండు విడతల మధ్య 3 పాయింట్ల తేడా కనిపిస్తే దాని మీద వాదన కట్టకు.

నమ్మకాన్ని సంస్థలవారీగా విడగొట్టు. 2008 నవంబరులో ప్రభుత్వం పరెక్స్ బ్యాంకును చేతిలోకి తీసుకుంది. 2009 జనవరి 13న రాజధాని రీగాలో అల్లర్లు. ఆ ఏడు జీడీపీ సుమారు 14 శాతం పడిపోయింది. 2011లో అవినీతి నిరోధక సంస్థ క్నాబ్ ఒక పార్లమెంటు సభ్యుడి ఇల్లు సోదా చేస్తామంటే సభ ఒప్పుకోలేదు. మే 28న అధ్యక్షుడు వాల్దిస్ జట్లర్స్ సభ రద్దుకు పూనుకున్నాడు. జూలై రెఫరెండంలో ఓటేసినవాళ్ళలో 94 శాతం పైగా రద్దే కావాలన్నారు. పార్లమెంటు, కోర్టులు, పోలీసుల అంకెలన్నీ కలిపి సగటు తీశావా, ఇంత పెద్ద విషయం కంటికి ఆనదు. నెలల తేడా పట్టుకోవాలంటే ఐరోపా సమాఖ్య చేయించే, ఏడాదికి రెండుసార్లు వచ్చే యూరోబారోమీటర్ సర్వే చూడు. లాత్వియన్ మాట్లాడేవాళ్ళనీ రష్యన్ మాట్లాడేవాళ్ళనీ విడిగా లెక్కించు; ఇద్దరి నమ్మకమూ ఒకేలా ఉండకపోవచ్చు.

ఇవే లెక్కలు పోలండ్‌కీ వేసి చూడు. 2009లో అక్కడ మాంద్యం రాలేదు. అయినా అవినీతి అంకెల్లో అదే పెరుగుదల కనిపిస్తే, మాంద్యమే కారణమని రాయడానికి వీల్లేదు. అంకెలు నింపకముందే పట్టిక గీసి పంపు, చూస్తాను.