వాతావరణ ఒప్పందాల్లో కంపెనీ పెద్దల మాట ఎంతవరకు చెల్లుతుంది?

ఐక్యరాజ్యసమితి వాతావరణ సదస్సుల్లో వాళ్లకు ఓటు లేదు. ఒప్పుకునేదీ సంతకం పెట్టేదీ ప్రభుత్వాలే. వ్యాపార సంఘాలు పరిశీలకులుగా కూర్చుంటాయంతే. కానీ అసలు కథ అంతకుముందే, సొంత దేశ రాజధానిలో నడిచిపోతుంది.

ధనిక దేశాలు భూమిని వేడెక్కించే వాయువుల్ని తగ్గించుకోవాలంటూ 1997 డిసెంబరులో కుదిరిన క్యోటో ఒప్పందం సంగతే చూడండి. 1989లో అమెరికాలో చమురు, బొగ్గు, కార్ల కంపెనీలు, పరిశ్రమల సంఘాలు కలిసి ‘గ్లోబల్ క్లైమేట్ కొయలిషన్’ పెట్టుకున్నాయి. పేరు వింటే వాతావరణాన్ని కాపాడే సంఘమే అనుకుంటాం! వాళ్ల వాదన రెండు ముక్కలు: సైన్స్ ఇంకా తేలలేదు, చైనా, భారత్‌లకు లేని ఉద్గారాల కోత మాకెందుకు? ఆ రెండో ముక్క బాగా పనిచేసింది. వర్ధమాన దేశాలకు షరతులు లేని ఒప్పందం వద్దంటూ 1997 జులైలో అమెరికా సెనేట్ 95-0తో తీర్మానం చేసింది. 1998లో క్లింటన్ ప్రభుత్వం క్యోటోపై సంతకమైతే పెట్టింది గానీ, ఆమోదానికి సెనేట్‌కు పంపనే లేదు. 2001లో బుష్ దాన్ని పక్కన పడేశారు.

అలాగని అందరూ ఒకే తాను ముక్కలు కారు. 1997 మేలో బ్రిటిష్ చమురు కంపెనీ బీపీ అధిపతి జాన్ బ్రౌన్ అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో మాట్లాడుతూ, ఈ ముప్పును ఇక పట్టించుకోవాల్సిందే అన్నారు. బీపీ కొయలిషన్ నుంచి తప్పుకుంది, తర్వాత షెల్, ఫోర్డ్ కూడా తప్పుకున్నాయి. 2002లో అది మూతబడింది.

ఎండలోని హానికర కిరణాల్ని ఆపే ఓజోన్ పొర విషయంలో లెక్క తిరగబడింది. ఆ పొరను దెబ్బతీసే, ఫ్రిజ్‌లలో వాడే సీఎఫ్‌సీ వాయువుల్ని అందరికంటే ఎక్కువ తయారుచేసిన అమెరికా కంపెనీ డ్యూపాంట్, 1986లో అంతర్జాతీయ పరిమితులకు సరేనంది. మరుసటి ఏడాదే ఆ వాయువుల్ని తగ్గించే మాంట్రియల్ ఒప్పందం కుదిరింది. డ్యూపాంట్ మనసు మారిందని నేననుకోను. ప్రత్యామ్నాయ రసాయనాల్లోనూ వ్యాపారం కనిపించి ఉంటుంది.