తమ్ముడికి ఒళ్లంతా రేడియేషన్ ఇస్తామంటున్నారు.. తప్పదా?

ప్రశ్న: మా తమ్ముడికి 19 ఏళ్లు. అక్యూట్ లింఫోబ్లాస్టిక్ లుకేమియా అనే బ్లడ్ క్యాన్సర్. నెల్లూరు నుంచి వచ్చి చెన్నైలో ఆసుపత్రి పక్కనే గది తీసుకుని ఉంటున్నాం. నా బోన్ మ్యారో వాడికి సరిపోయింది. ఎక్కించే ముందు ఒళ్లంతా రేడియేషన్ ఇస్తారట. ఎలుకలకు ఇలా ఇస్తే చచ్చిపోయాయని చదివి టెన్షన్ పట్టుకుంది. అది లేకుండా ఎక్కించకూడదా?
– ఒక పాఠకురాలు, చెన్నై

జవాబు: మీరు చదివింది నిజమేనమ్మా, కాకపోతే సగమే. 9, 10 గ్రేల (గ్రే అంటే రేడియేషన్ కొలత) రేడియేషన్ ఒక్కసారే ఇస్తే ఎలుక మూలుగ, అంటే బోన్ మ్యారో, దెబ్బతిని రెండు వారాల్లో చనిపోతుంది. దానికే మరో ఎలుక మూలుగ ఎక్కిస్తే బతుకుతుందని 1951లో లోరెంజ్ అనే శాస్త్రవేత్త బృందం చూపించింది. మూలుగలోని ఏదో రసాయనం కాపాడుతోందని అప్పట్లో కొందరు అనుకున్నారు. అది కాదు, దాత కణాలే లోపల కాపురం పెట్టి రక్తం తయారుచేస్తున్నాయని 1956లో క్రోమోజోముల గుర్తుతో తేలింది.

ఇక రేడియేషన్ లేకుండా అంటారా? వేరే జాతి ఎలుక మూలుగను ఆరోగ్యంగా ఉన్న ఎలుకకు ఎక్కిస్తే దాని తెల్లకణాలు పరాయివాళ్లొచ్చారని చంపేస్తాయి. రేడియేషన్ అరకొరగా ఇచ్చినా అంతే, మిగిలిన కణాలు కోలుకుని కొత్తవాటిని తరిమేస్తాయి. మీ మూలుగ సరిపోయినా అక్కాతమ్ముళ్ల మధ్య చిన్నచిన్న తేడాలుంటాయి. పైగా ఈ జబ్బు కణాలు మెదడులో, వృషణాల్లో దాక్కుంటాయి. అక్కడికి మందులు సరిగ్గా చేరవు, రేడియేషన్ చేరుతుంది. 4 నుంచి 21 ఏళ్ల వాళ్ల మీద జరిగిన ఫోరం అనే పరిశోధన ఫలితాలు 2021లో వచ్చాయి. రెండేళ్ల తర్వాత బతికున్నవాళ్లు రేడియేషన్ తీసుకున్నవారిలో 91 శాతం, కీమోతోనే సరిపెట్టినవారిలో 75 శాతం.

మీ తమ్ముడికి ఎలుకకిచ్చినట్టు ఒక్క దెబ్బకు ఇవ్వరు. మామూలుగా 12 గ్రేలను పొద్దునా సాయంత్రం చొప్పున మూడు రోజుల్లో ఆరుసార్లు ఇస్తారు. చాలాచోట్ల ఊపిరితిత్తులకు సీసం దిమ్మెలు అడ్డుపెడతారు. మీ మూలుగ ఎక్కించడం ఆపరేషనేం కాదు. రక్తం సీసాలా స్టాండుకు తగిలిస్తారు, అంతే.

నన్నడిగితే అంతకంటే ముందు తేల్చుకోవాల్సింది వేరే ఉంది. రేడియేషన్ తర్వాత పిల్లలు పుట్టే అవకాశం చాలావరకు పోతుంది. మొదలుపెట్టక ముందే వీర్యం భద్రపరిచే వీలుందేమో డాక్టర్‌ని అడగండి. అక్కగా మీకు మొహమాటమైతే నాన్నగారితో అడిగించండి, ఆలస్యం మాత్రం చేయొద్దు.

తర్వాత కొన్నాళ్లు నోరంతా పుండ్లు పడుతుంది. న్యూట్రోఫిల్స్ (ఇన్ఫెక్షన్లతో పోరాడే తెల్లకణాలు) వరుసగా మూడు రోజులు 500 దాటాక మూలుగ పట్టిందంటారు. అప్పటికీ డాక్టర్ సరేననేదాకా, వాడెంత బతిమాలినా నెల్లూరు నుంచి తెచ్చిన ఆవకాయ జాడీ మాత్రం మూత తీయకండి.