బెల్టు ఎవరి నడుముకి? ఈ వారం మీ ప్రశ్నలు

పోయిన వారం కృష్ణలంక నుంచి ఒక పిల్లాడు "డబ్ల్యూడబ్ల్యూఈ కుస్తీ నిజమా, నాటకమా?" అని అడిగితే "నాటకమే బాబూ" అని రెండు ముక్కల్లో తేల్చేసి చేతులు దులుపుకున్నాను. తప్పే చేశాను. ఆ రెండు ముక్కల మీద వచ్చిన ఉత్తరాలు, మెసేజ్‌లు చూస్తే గుంటూరు, బెజవాడల్లో ఇంతమంది ఈ ఆట చూస్తారా అనిపించింది. సగం తిట్లు, సగం ప్రశ్నలు. తిట్లు నా దగ్గర దాచుకుని ప్రశ్నలు మాత్రం మీ ముందు పెడుతున్నా. దాదాపు అన్నీ ఆ ఛాంపియన్ బెల్టు చుట్టూ తిరిగేవే.

*ఎవరు గెలవాలో ముందే రాసుకుంటే ఇంక ఛాంపియన్ అన్న మాటకి విలువేముంది సార్? దానికి మళ్లీ చరిత్ర కూడానా? (డిగ్రీ విద్యార్థి, బ్రాడీపేట, గుంటూరు)*

తెనాలి పక్క పల్లెల్లో తెల్లవార్లూ ఆడే పౌరాణిక నాటకం ఎప్పుడైనా చాప పరుచుకుని చూశారా? ఒకే రాత్రి ఇద్దరు ముగ్గురు కృష్ణులు వస్తారు. పడక సీనుకి ఒకాయన, రాయబారానికి ఇంకొకాయన. రాయబారం చెడుతుందని, యుద్ధం తప్పదని అక్కడ కూర్చున్న పసిపిల్లకి కూడా తెలుసు. అయినా రాయబారానికి ఏ కృష్ణుణ్ణి దింపాలి అన్నది కాంట్రాక్టరుకి పెద్ద తలనొప్పి, ఎందుకంటే జనం నిద్ర ఆపుకుని కూర్చునేది ఆయన పద్యం కోసమే. కుస్తీ బెల్టూ అంతే. గెలిచినందుకు ఇచ్చేది కాదు, వీడి మొహం చూసి టికెట్లు తెగుతాయన్న నమ్మకంతో కట్టేది. గోదాలో జరిగేది నాటకమే కానీ, ఆ నమ్మకం ఎవరి మీద పెట్టారు, ఎప్పుడు తీసేశారు, దాని కోసం గోదా బయట ఎవరెవరు కొట్టుకున్నారు అన్నది మాత్రం నాటకం కాదు. ఆ చరిత్రే నాకు ఇష్టం.

ఒక్క కథ చెప్తా. 1948లో అమెరికాలో అయోవా రాష్ట్రంలోని వాటర్లూ అనే ఊళ్లో కొందరు ప్రమోటర్లు కూర్చుని ఎన్‌డబ్ల్యూఏ అని ఒక సంఘం పెట్టుకున్నారు. మన సినిమా డిస్ట్రిబ్యూటర్లు నైజాం, సీడెడ్, కృష్ణా, గుంటూరు అని ఏరియాలు పంచుకున్నట్టే వాళ్లూ దేశాన్ని పంచుకుని, అందరికీ కలిపి ఒకే ఛాంపియన్ అనుకున్నారు. ఆ ఛాంపియన్ ఊరూరా తిరిగి, ప్రతి ఊళ్లో అక్కడి హీరోతో తలపడి, ఓడిపోతాడేమో అన్నంత దాకా వచ్చి, చివరికి ఎలాగో బెల్టు దక్కించుకుని రైలెక్కాలి. తొలి ఛాంపియన్ ఆర్విల్ బ్రౌన్ 1949లో కారు ప్రమాదంలో దెబ్బతింటే లూ థెజ్ వచ్చాడు. థెజ్‌కి అసలు కుస్తీ పట్లు నిజంగా వచ్చు. అదే ఆయన అర్హత. ఎవడైనా ఒప్పందం మరిచిపోయి గోదాలో నిజంగానే బెల్టు లాక్కోవాలని చూస్తే చెయ్యి విరిచి కూర్చోబెట్టగలడు. నాటకానికి కాపలాగా నిజం వస్తాదుని పెట్టుకున్నారన్నమాట!

1961 జూన్ 30న షికాగోలో బడ్డీ రోజర్స్ అనే సోగ్గాడు ఆ బెల్టు గెలిచాడు. ఆ రోజు వచ్చిన జనం 38,622 మంది. అంత గిరాకీ ఉన్నవాణ్ణి న్యూయార్క్ వైపు ప్రమోటర్లు తమ ఊళ్లలోనే తిప్పుకుంటుంటే మిగతా ఏరియాల వాళ్లకి కడుపు మండింది. 1963 జనవరి 24న టొరంటోలో రోజర్స్‌ని థెజ్ చేతిలో ఓడించారు. న్యూయార్క్ వాళ్లు "మేం ఒప్పుకోం" అని విడిపోయి డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూఎఫ్ అని సొంత దుకాణం తెరిచారు. మరి ఛాంపియన్ కావాలి కదా, రియో డి జనీరోలో పెద్ద టోర్నమెంట్ జరిగిందని, అందులో రోజర్స్ గెలిచాడని ప్రకటించేశారు. అసలు ఆ టోర్నమెంటే జరగలేదు! ఆ దుకాణమే తర్వాత డబ్ల్యూడబ్ల్యూఎఫ్, ఆ తర్వాత డబ్ల్యూడబ్ల్యూఈ అయింది. ఇప్పుడు మీరు టీవీలో చూసే బెల్టు పుట్టుక అదీ. ఆ ఏడాదే మే 17న మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో బ్రూనో సమ్మార్టినో 48 సెకన్లలో రోజర్స్‌ని చిత్తు చేసి, 1971 జనవరి దాకా, అంటే 2,803 రోజులు దాన్ని నడుముకే ఉంచుకున్నాడు. ఎందుకన్ని రోజులు? సమ్మార్టినో ఇటలీ నుంచి వలస వచ్చినవాడు, న్యూయార్క్ నిండా ఇటలీ వాళ్లు. ఆ తర్వాత కొద్ది రోజులకే బెల్టు పెడ్రో మొరాలెస్‌కి వెళ్లింది. ఆయనది ప్యూర్టో రికో, ఆ ఊళ్లో ఆ జనమూ ఎక్కువే. ఇంతకంటే విడమరిచి చెప్పాలా?

*మరి మొదట్నుంచీ ఇంతేనా? నిజం కుస్తీ ఎప్పుడూ లేదా? (సత్యనారాయణపురం, విజయవాడ)*

లేకేం. 1905లో న్యూయార్క్‌లో టామ్ జెంకిన్స్‌ని ఓడించి జార్జ్ హాకెన్‌ష్మిట్ ప్రపంచ ఛాంపియన్ అనిపించుకున్నాడు. 1908 ఏప్రిల్‌లో షికాగోలో ఫ్రాంక్ గాచ్ అతన్ని దించాడు. ఆ పోటీ రెండు గంటలు సాగింది, దాన్ని అసలు సిసలు కుస్తీగానే లెక్కేస్తారు. గాచ్ ఒంటికి నూనె రాసుకొచ్చాడని, బొటనవేళ్లతో కళ్లలో పొడిచాడని హాకెన్‌ష్మిట్ తర్వాత మొత్తుకున్నాడు. నిజం కుస్తీలో ఉన్న చిక్కు కూడా అక్కడే ఉంది. ఇద్దరు గట్టివాళ్లు పట్టు పట్టి గంటల తరబడి కదలకుండా పడుంటే చూసేవాడికి ఆవులింతలు వస్తాయి.

నమ్మకపోతే మన గామా పహిల్వాన్ కథ చూడండి. 1910 సెప్టెంబరులో లండన్‌లో స్టానిస్లాస్ జిబిస్కోతో పోటీ. గామా దూకుడు చూసి జిబిస్కో బోర్లా పడుకుని చాపకి అతుక్కుపోయాడు, రెండున్నర గంటలకు పైగా! ఎటూ తేలలేదు. వారం తర్వాత మళ్లీ రమ్మంటే జిబిస్కో మొహం చాటేశాడు, జాన్ బుల్ బెల్టు గామాకి ఇచ్చేశారు. 1928లో పటియాలాలో ఇద్దరూ మళ్లీ తలపడితే నిమిషం కూడా పట్టలేదు, గామాదే గెలుపు. పద్దెనిమిదేళ్ల బాకీ అలా తీర్చుకున్నాడు. అదే ఇప్పటి ప్రమోటరైతే ఆ పద్దెనిమిదేళ్లలో పద్దెనిమిది రీమ్యాచ్‌లు పెట్టి సొమ్ము చేసుకునేవాడు.

*అండర్‌టేకర్‌కి ఏడు ప్రాణాలని మా అన్నయ్య చిన్నప్పుడు చెప్పేవాడు. నిజంగా చచ్చి బతికాడా? (మంగళగిరి)*

మీ అన్నయ్యది నా వయసే అయ్యుంటుంది. మా జేబుల్లో రబ్బరు బ్యాండు చుట్టిన డబ్ల్యూడబ్ల్యూఎఫ్ వస్తాదుల ట్రంప్ కార్డుల కట్ట ఉండేది, ఎత్తు, బరువు, ఛాతీ, గెలిచిన పోటీలు అన్నీ అచ్చేసి. మూలలు నలిగి మెత్తబడిపోయినా అండర్‌టేకర్ కార్డు మాత్రం ఎవడూ మార్చుకునేవాడు కాదు. నాది ఇంటర్వెల్లో ఆడుతుండగా లెక్కల మాస్టారు పట్టుకెళ్లారు, ఇంతవరకూ తిరిగివ్వలేదు.

ఆ పుకారుకి మూలం 1994 జనవరిలో జరిగిన శవపేటిక పోటీ. యోకోజునా, ఇంకా బోలెడుమంది కలిసి అతన్ని పెట్టెలో పెట్టి మూత వేస్తే, కాసేపటికి అతని రూపం పైకప్పుకి ఎగిరిపోయినట్టు చూపించారు. కొన్ని నెలలు కనబడలేదు, ఆగస్టులో ఒకరు కాదు, ఇద్దరు అండర్‌టేకర్లు వచ్చి కొట్టుకున్నారు. ఇంక మన కేబుల్ టీవీ పిల్లలు ఊరుకుంటారా! ఏడు ప్రాణాలు అబద్ధం కానీ ఏడు బెల్టులు నిజం. డబ్ల్యూడబ్ల్యూఎఫ్, డబ్ల్యూడబ్ల్యూఈ బెల్టు నాలుగుసార్లు, అదే కంపెనీలో వరల్డ్ హెవీవెయిట్ అనే ఇంకో పెద్ద బెల్టు మూడుసార్లు. 1991లో హల్క్ హోగన్ నుంచి తీసుకున్న మొదటిది ఆరు రోజులే ఉంది.

*బెల్టు నిజం బంగారమా? అమ్ముకుంటే ఎంతొస్తుంది? (గవర్నర్‌పేట)*

తోలు పట్టీ మీద బంగారు పూత పూసిన లోహపు పలకలు. గవర్నర్‌పేటలో ఏ షాపుకి తీసుకెళ్లినా గీటురాయి దాకా కూడా వెళ్లదు. కానీ దాని మీద తాకట్టు కథ ఒకటి ఉంది.

ఎన్‌డబ్ల్యూఏ కాలంలో ఛాంపియన్ అయినవాడు బెల్టుతో ఉడాయించకుండా 25,000 డాలర్లు డిపాజిట్ కట్టాలి. షాపు అద్దెకి తీసుకుంటే అడ్వాన్స్ ఇస్తాం చూడండి, అలా. 1991లో అప్పటి ఛాంపియన్ రిక్ ఫ్లెయిర్‌కి, అతను పనిచేసే డబ్ల్యూసీడబ్ల్యూ అనే కంపెనీ పెద్దలకి చెడింది, ఉద్యోగం తీసేశారు. డిపాజిట్ మాత్రం వెనక్కి ఇవ్వలేదు. అడ్వాన్స్ ఇవ్వకపోతే తాళాలు ఎవడిస్తాడు? ఫ్లెయిర్ ఆ పెద్ద బంగారు రంగు బెల్టుని సంకలో పెట్టుకుని తిన్నగా పోటీ కంపెనీ డబ్ల్యూడబ్ల్యూఎఫ్ టీవీలో కనిపించి "అసలు ప్రపంచ ఛాంపియన్ని నేనే" అన్నాడు. కోర్టు దాకా వెళ్లింది వ్యవహారం. 1992 జనవరిలో, ఒకరి తర్వాత ఒకరు గోదాలోకి దిగే రాయల్ రంబుల్ పోటీలో మూడో నంబరుగా దిగి, గంటసేపు గోదాలోనే ఉండి, ముప్పై మందిలో చివరికి మిగిలి డబ్ల్యూడబ్ల్యూఎఫ్ బెల్టూ కొట్టేశాడు.

*అనుకున్నట్టు కాకుండా బెల్టు చేతులు మారిన సందర్భం ఉందా? (పటమట)*

ఉంది, 1997 నవంబరు 9, మాంట్రియల్. ఈ ఆటలో నిజంగా వెన్నుపోటు అనదగ్గది ఏదైనా ఉంటే అదే.

డబ్ల్యూడబ్ల్యూఎఫ్ ఛాంపియన్ బ్రెట్ హార్ట్, కెనడా వాడు. 1996లో 20 ఏళ్ల కాంట్రాక్టు రాసిచ్చిన యజమాని విన్స్ మెక్‌మహన్, మరుసటి ఏడే "అంత డబ్బు ఇవ్వలేను, వేరే చోట చూసుకో" అన్నాడు. హార్ట్ డబ్ల్యూసీడబ్ల్యూతో మాట్లాడుకున్నాడు. పోయేముందు బెల్టు దించుకోవాలి కదా, హార్ట్ కూడా సరేనన్నాడు కానీ సొంత దేశంలో, అదీ తనకి ఏమాత్రం పడని షాన్ మైకేల్స్ చేతిలో మాత్రం వద్దన్నాడు. గొడవ గొడవగా ఎటూ తేలకుండా ముగిద్దాం అని మాట అనుకున్నారు.

మెక్‌మహన్ భయానికి కారణం లేకపోలేదు. 1995 డిసెంబరులో ఆయన కంపెనీ మహిళా ఛాంపియన్ బెల్టుతో సహా అవతలి కంపెనీకి వెళ్లి, లైవ్ టీవీలో దాన్ని చెత్తబుట్టలో పడేసింది. అది మళ్లీ జరిగితే పరువు పోతుందని ఆయన టెన్షన్. అందుకని పోటీ మధ్యలో మైకేల్స్, హార్ట్ సొంత పట్టు షార్ప్‌షూటర్‌నే హార్ట్ మీద వేయగానే, హార్ట్ ఓటమి ఒప్పుకోకుండానే, గోదా పక్కన నిలబడ్డ మెక్‌మహన్ గంట కొట్టమని అరిచాడు. గంట మోగింది. హార్ట్‌కి ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు, అర్థమయ్యాక యజమాని మొహాన ఉమ్మేశాడు. తర్వాత డ్రెస్సింగ్ రూంలో గుద్దాడు కూడా, ఆ గుద్దు స్క్రిప్టులో లేదు.

తమాషా ఏంటంటే దీంతో మునగాల్సిన మెక్‌మహన్ తేలాడు. జనం తనని ఎంత తిడుతున్నారో చూసి, ఆ తిట్లనే వేషంగా కట్టుకుని విలన్ యజమాని అయిపోయాడు. ఎదురుగా స్టోన్ కోల్డ్ స్టీవ్ ఆస్టిన్. 1998 మార్చిలో ఆస్టిన్ ఛాంపియన్ అయ్యాడు, యజమానిని కొట్టే పనివాణ్ణి చూడటానికి ప్రతి సోమవారం జనం టీవీలకి అతుక్కుపోయారు. ఆఫీసులో బాసుని ఏమీ అనలేనివాళ్లకి అంతకంటే ఏం కావాలి చెప్పండి?

*జాన్ సీనా 17 సార్లు, ఫ్లెయిర్ 16 సార్లు ప్రపంచ ఛాంపియన్ అయ్యారంటారు, లెక్క కరెక్టేనా? (తాడేపల్లి)*

సీనా లెక్క కరెక్టే, 17వది 2025 ఏప్రిల్ 20న లాస్ వెగాస్‌లో కోడీ రోడ్స్ మీద. ఫ్లెయిర్ 16 కంపెనీ పెట్టిన లెక్క. వాళ్లు గుర్తించనివి కూడా కలిపితే ఇంకా పెరుగుతుంది.

*మన ఇండియా వాళ్లకి ఆ బెల్టు ఎప్పుడైనా వచ్చిందా? (కొత్తపేట, గుంటూరు)*

వచ్చింది. 2007 జులైలో ఎడ్జ్ గాయపడి వరల్డ్ హెవీవెయిట్ బెల్టు వదిలేస్తే, ఇరవై మంది పోటీలో హిమాచల్ మనిషి గ్రేట్ ఖలీ గెలిచాడు. రెండు నెలలకే సెప్టెంబరులో బటిస్టాకి పోయింది. జిందర్ మహల్‌ది ఇంకా విచిత్రం. పుట్టింది కెనడాలోని కాల్గరీ, మూలాలు పంజాబ్. ఎప్పుడూ ఓడిపోయే బ్యాచ్‌లో ఉండే మనిషి 2017 మే 21న ఏకంగా రాండీ ఆర్టన్‌ని ఓడించి డబ్ల్యూడబ్ల్యూఈ ఛాంపియన్ అయ్యాడు. కండలు పెంచిన మాట నిజమే కానీ, అసలు పెరిగింది ఇండియా మార్కెట్ మీద కంపెనీ ఆశ అని నా అనుమానం. సమ్మార్టినో లెక్క గుర్తుందిగా. 170 రోజుల తర్వాత నవంబరు 7న మాంచెస్టర్‌లో ఏజే స్టైల్స్‌కి పోగొట్టుకున్నాడు. నెల తిరక్కుండా... కాదు, నెల దాటాక రెండు రోజులకి, డిసెంబరు 9న ఢిల్లీ షో. మన జనం ముందుకి వచ్చేసరికి చేతిలో బెల్టు లేదు, పైగా ట్రిపుల్ హెచ్ చేతిలో ఓటమి. ఇదేం లెక్కో నాకు ఇప్పటికీ అంతుబట్టదు.

2023 సెప్టెంబరు 8న హైదరాబాద్ గచ్చిబౌలికి వచ్చినప్పుడు మాత్రం జాన్ సీనా, సేథ్ రోలిన్స్ ఒకే జట్టుగా ఆడారు. అప్పటి వరల్డ్ హెవీవెయిట్ ఛాంపియన్ రోలిన్సే.

*మా వాడు సోఫా ఎక్కి వాళ్ల చెల్లి మీదకి దూకుతున్నాడండీ. ఎలా ఆపాలి? (ఒక తల్లి, బెంజ్ సర్కిల్)*

అమ్మా, ముందు సోఫాని గోడకి జరిపి, దానిముందు టీపాయ్ ఉంటే తీసేయండి. వాళ్లు నెలల తరబడి నేర్చుకునేది గెలవడం కాదు, పడటం. గడ్డం ఛాతీకి ఆనించి, వీపు మొత్తం ఒకేసారి తగిలేలా పడతారు. కింద చెక్క, దాని మీద ఫోమ్ ఉంటాయి. అంత నేర్చుకున్న స్టీవ్ ఆస్టిన్‌కే 1997లో ఒక్క పట్టు అటూ ఇటూ అయి మెడ దెబ్బతింది. ఇది మీవాడికి వాడి హీరో పేరుతోనే చెప్పండి, మన మాటకంటే అది బాగా ఎక్కుతుంది. బెల్టు కావాలంటే అట్టముక్క కత్తిరించి, బీసెంట్ రోడ్డులో బంగారు రంగు కాగితం కొని అతికించి ఇవ్వండి. ఒకటి కాదు, రెండు చేయండి. చెల్లికి లేకపోతే అసలు కుస్తీ అప్పుడు మొదలవుతుంది.