మీ ప్రశ్న – మా జవాబు: కేక వేయని ప్రతినాయకుడు

ప్రశ్న: మా ఇంట్లో పిల్లలకు రావు గోపాలరావు గారంటే రావు రమేష్ తండ్రిగానే తెలుసు. ఆయన రాజనాలలా కత్తి తిప్పలేదు, ఎస్వీ రంగారావులా గద పట్టలేదు. అయినా అంత పెద్ద విలన్ ఎలా అయ్యారు?
– ఒక పాఠకురాలు, పశ్చిమ మాంబళం, చెన్నై

జవాబు: 1937లో పుట్టిన రావు గోపాలరావు కాకినాడ ప్రాంతపు నాటకాలలో ఆరితేరినవారు. భమిడిపాటి రాధాకృష్ణ రాసిన ‘కీర్తిశేషులు’ నాటకంలో మురారి పాత్ర ఆయనకు పేరు తెచ్చింది. అయితే మద్రాసు వచ్చీ రాగానే వేషాలు దొరకలేదు; గుత్తా రామినీడు తీసిన ‘భక్త పోతన’ (1966)కు సహాయ దర్శకుడిగా పనిచేశారు. 1969లో ‘జగత్ కిలాడీలు’లో ప్రతినాయకుడి వేషం దక్కినా, తెర మీద వినిపించిన గొంతు మాత్రం ఆయనది కాదు, వేరొకరి చేత డబ్బింగ్ చెప్పించారు. ఆ గొంతు పనికిరాదని తేల్చినవారు ఆరేళ్ల తరువాత థియేటర్‌లో కూర్చుని ఏమనుకున్నారో!

ఆరేళ్ల తరువాత వచ్చిందే బాపు దర్శకత్వంలోని ‘ముత్యాల ముగ్గు’ (1975). అందులో ఆయన వేసిన కాంట్రాక్టరు ఉదయించే సూర్యుణ్ణి చూసి, ఆకాశంలో మర్డర్ జరిగినట్టుందని మురిసిపోయి, మనిషన్నాక కాస్త కళాపోషణ ఉండాలని పక్కనున్న సెక్రటరీకి బోధిస్తాడు. గమనించవలసిందేమిటంటే, అక్కడ కేక లేదు, పళ్లు కొరకడం లేదు. గోదావరి యాసలో తాపీగా సాగే ఆ మాట చివరికి వచ్చేసరికి కాస్త సాగుతుంది, ఒక క్షణం ఆగుతుంది. కాంట్రాక్టరు ఎదుటివాడి ముఖం చూస్తాడు, వాడికి అర్థమైందని తెలిశాకే వదులుతాడు. అంతకుముందు మన ప్రతినాయకులలో ఎక్కువమంది తమ దుర్మార్గాన్ని ప్రకటించుకుని భయపెడితే, ఈయన దాన్ని భోజనప్రియుడు పప్పూ నెయ్యీ కలుపుకున్నంత ఇష్టంగా అనుభవిస్తూ భయపెట్టారు. ముళ్లపూడి వెంకటరమణ కలం లేకుంటే ఇది సాధ్యమయ్యేది కాదన్న మాట నిజమే. కానీ అవే మాటలను మిమిక్రీ కళాకారులు ఎంతమంది చెప్పినా యాస వస్తుంది గాని ఆ నెమ్మది రాదు. పాటలకు మాత్రమే రికార్డులు కొనే రోజుల్లో ఆ సినిమా సంభాషణలే రికార్డుగా వచ్చి ఊరూరా మైకుల్లో మోగాయి.

ఆ తరువాత ‘భక్త కన్నప్ప’ (1976)లో పూజారి, ‘మనవూరి పాండవులు’ (1978)లో ఊరిని గుప్పిట పెట్టుకున్న దొర. ‘వేటగాడు’ (1979) మరో మలుపు. జంధ్యాల అందులో ఆయనకు ఊపిరి తిరగనివ్వని ప్రాసల సంభాషణలు రాస్తే, నాటకాలలో సాధన చేసిన గొంతు కాబట్టి ఎక్కడా తడబడకుండా, అర్థం జారిపోకుండా వాటిని చెప్పేశారు. కానీ ఆ విజయం ఆయనకు కొంత నష్టమే చేసిందని నా అభిప్రాయం. ఆ తరువాతి రచయితలు చాలామంది ప్రాస దొరికితే పాత్ర దొరికినట్టేనని భ్రమపడి, ఆయన చేత ఒకే రకం మాటలు పదే పదే చెప్పించారు.

ప్రశ్న: ఆయన చివరి దాకా విలన్‌గానే మిగిలిపోయారా?
– ఒక పాఠకుడు, పెరంబూరు, చెన్నై

జవాబు: లేదు. ‘అభిలాష’ (1983)లో లాయర్ సర్వోత్తమరావు, ‘ఘరానా మొగుడు’ (1992)లో నాయిక తండ్రి, ఇద్దరూ మంచివారే. వీటికన్నా నాకు ‘ఛాలెంజ్’ (1984)లో రామ్మోహనరావు పాత్ర ఎక్కువ ఇష్టం. అయిదేళ్లలో యాభై లక్షలు సంపాదించగలవా అని ఒక నిరుద్యోగితో పందెం కట్టే ఆ ధనవంతుడు దుర్మార్గుడు కాడు, డబ్బు విలువ తెలిసిన అహంకారి. ప్రతినాయకుడి హుందాతనాన్ని అలాగే ఉంచి, అందులోని విషాన్ని మాత్రం తీసేసి నటించడం తేలికైన పని కాదు. 1986 నుంచి 1992 వరకు ఆయన తెలుగుదేశం తరఫున రాజ్యసభ సభ్యులుగా కూడా ఉన్నారు. 1994 ఆగస్టు 13న ఈ నగరంలోనే కన్నుమూశారు.

ప్రశ్న: ఇక్కడే పుట్టి పెరిగి, తెలుగు చదవడం రాని మనవడికి ఆయన సినిమా ఏది ముందు చూపించాలి?
– ఒక పాఠకుడు, విల్లివాక్కం, చెన్నై

జవాబు: ‘వేటగాడు’తో మొదలుపెట్టకండి, ప్రాసలు అర్థం కాని పిల్లవాడికి అది వట్టి హడావిడిగా తోస్తుంది. ముందు ‘మనవూరి పాండవులు’ చూపించండి, అందులో కథ తేలికగా అందుతుంది, దొర చూపే సగం పని చేసేస్తుంది. ‘ముత్యాల ముగ్గు’ను ఆ తరువాత, మీరు పక్కన కూర్చున్నప్పుడు చూపించండి. సూర్యోదయం సన్నివేశంలో మాత్రం మధ్యలో ఆపి వివరించకండి. ఒకసారి పూర్తిగా విననిచ్చి, వాడు అడిగితే అప్పుడు చెప్పండి.